అంతర్జాల వర్తకుల సభయు, మన మగ్గమును



ఈ వార్షిక మహాసభయందు నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. పిల్లలచేత శబ్దమంజరి వల్లె వేయించుచు కాలము గడపిన నాకు వర్తకవిషయమున ప్రవేశము లేదు. ఐనను గడచిన సంవత్సరము హైదరాబాదున జరిగిన అంతర్జాల విక్రేతల సభలో దినమంతయు కూర్చుండి వినుట తటస్థించెను. అచట కన్నదియు విన్నదియు మన కులవృత్తికి సంబంధించినది గావున మీకు విన్నవించుచున్నాను.

నా మేనల్లుడు వరంగల్లు కొత్తవాడలో జంపఖానాలు నేయును. రెండేండ్లుగా ఆతడు తన సరకును ఆన్‌లైనున అమ్ముచున్నాడు. ఒకనాటి రాత్రి ఫోను చేసి, "మామా, పట్నమున మాబోటి అమ్మకందార్ల సభ యున్నది. నీవు గూడ రావలెను. నేనడుగవలసిన దానిని నీవు ఇంగ్లీషున వ్రాసి యీయవలెను" అనెను. తెల్లవాఱుజామున ఆతడు వరంగల్లులోను, నేను ఘనపూరు స్టేషనులోను రైలెక్కితిమి. ఆతని యొడిలో నొక పార్సిలుండెను. జనగామ దాటిన పిమ్మట దానిని విప్పి చూపెను. లోపల చిరిగిన పాత దుప్పటి; అదియు మరమగ్గపు గుడ్డ.

సంగతి యిది. ఎవరో దూరదేశపు కొనుగోలుదారు ఆతని జంపఖానా నొకటి తెప్పించుకొని, నచ్చలేదని త్రిప్పి పంపెను. త్రిప్పి వచ్చిన పెట్టెలో జంపఖానా లేదు, ఈ దుప్పటి యున్నది. కొన్నవానికి సొమ్ము ముట్టినది. నేసినవానికి సరకు పోయినది, సొమ్ము పోయినది, రానుపోను రవాణా ఖర్చును వీని లెక్కలోనే వ్రాయబడినది. ఆతడు మూడుమాఱులు ఫిర్యాదు చేసెను. మూడుమాఱులును ఒక్కటే ప్రత్యుత్తరము వచ్చెను; అది యంత్రము వ్రాసినదో, మనుష్యుడు వ్రాసినదో తెలియదు. ఆ సంస్థ పేరు నాకిచట అవసరము లేదు. వారము దినములు ఆలుమగలు కూర్చుండి నేసిన సరకు అట్లు పోయెనని మాత్రమే నా మనవి.

సభామందిరము మిక్కిలి విశాలమైనది. చెప్పులవారు, పచ్చళ్లవారు, బొమ్మలవారు, బట్టలవారు వందలాదిగ వచ్చియుండిరి. చాలమంది నా మనుమల యీడువారు. వేదికమీద మాటలాడినవారి ప్రసంగములలో నాకు బోధపడినంత చెప్పెదను.

మన దేశమున ఈ వర్తకము పెరుగుట ఇటీవలి మాట. ఫ్లిప్‌కార్టు 2007లో పుస్తకముల అమ్మకముతో మొదలైనది. అమెజాను మన దేశపు అంగడిని 2013లో తెఱచినది. 2016లో యూపీఐ వచ్చిన పిదప చెల్లింపు మఱింత సులువైనది. విదేశపు పెట్టుబడి గల యిట్టి సంస్థలు సంత నడుపవచ్చును గాని, తామే సరకు నిలువచేసికొని ఆ సంతలో అమ్మరాదు. ఈ కట్టుబాటును బిగించిన ఉత్తరువు 2019 ఫిబ్రవరి 1 నుండి అమలునకు వచ్చినది. అనగా సంతగాడు వేఱు, అమ్మకందారు వేఱు. చట్టము దృష్టిలో అమ్మకందారు మన మేనల్లుడే. పేరు వానిదే, పూచీయు వానిదే.

ఇక లెక్క వినుడు. అంగడిలో 1,200 రూపాయలకు అమ్మెడి జంపఖానాను ఆన్‌లైనున గూడ 1,200కే పెట్టినచో చేతికి 1,200 రావు. సంతవారి కమీషను పోవును. రవాణా పోవును. పెట్టె, అట్ట, అంటుకాగితము మన ఖర్చే. ఇవిగాక పన్ను మినహాయించిన వెలలో నూఱు రూపాయలకు అర్ధరూపాయి జీఎస్టీ క్రింద సంతవారు పట్టుకొందురు. 2024 జూలై 10కి పూర్వమది ఒక రూపాయి. ఈ పట్టుకొన్నది మాత్రము పత్రములు సరిగా దాఖలు చేసిన మన ఖాతాకు మఱల జమయగును. ఈ మాట నా మేనల్లునికి ఆ సభలోనే తెలిసినది. రెండేండ్లు అమ్మినవాడు తన సొమ్ము తనకు వచ్చునని యెఱుగకుండుట వాని తప్పు కాదు, చెప్పువారు లేకపోవుట. మన సంఘములు చేయవలసిన పని యెచట నున్నదో దీనివలన తెలియుచున్నది.

మధ్యాహ్నము ప్రశ్నలకు సమయ మిచ్చిరి. నేను వ్రాసి యిచ్చిన కాగితమును పట్టుకొని మేనల్లుడు లేచెను. రెండు వాక్యములు చదివి, కాగితము మడిచి, తెలుగుననే చెప్పసాగెను. ఆ పాత దుప్పటిని ఎత్తి చూపెను. సభ నిశ్శబ్దమయ్యెను. మా వెనుక వరుసలోని పచ్చళ్ల వ్యాపారిణి యొకతె, "మాకును ఇదే జరిగినది" అని లేచెను. పిదప మఱి నలుగురు లేచిరి.

వేదికమీది పెద్దమనిషి మర్యాదగానే సమాధానము చెప్పెను. సరకు కట్టునపుడు వీడియో తీయుడు. త్రిప్పి వచ్చిన పెట్టెను గూడ కెమెరా యెదుటనే తెఱవుడు. ఒడంబడికలోని గడువు మించకుండ ఫిర్యాదు చేయుడు అనెను. మంచి సలహాయే. కాని అది మన తలుపునకు మనము వేసికొను తాళము మాత్రమే. దొంగతనము జరిగిన పిదప తీర్పు చెప్పువారెవరన్న ప్రశ్న అట్లే నిలిచినది. 2020 నాటి వినియోగదారుల ఇ-కామర్సు నియమముల ప్రకారము కొన్నవాని ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలుపవలెను, నెలలో పరిష్కరింపవలెను. అమ్మినవానికి ఆ నియమములలో అట్టి గడువు లేదు. వానికి ఆధారము సంతవారితో చేసికొన్న ఒడంబడికయే. ఆ ఒడంబడికను నా మేనల్లుడు చదువలేదు. ఫోనుమీద "సమ్మతము" అనుచోట వ్రేలు నొక్కెను. వ్రాత చదువక సంతకము చేయరాదని ఊరి పిల్లలకెల్ల చెప్పిన నేను, మా యింటి పిల్లవాడు నొక్కునాడు ప్రక్కన లేకపోతిని.

తిరుగుప్రయాణమున నాకు కాకతి గణపతిదేవుని మోటుపల్లి శాసనము జ్ఞప్తికి వచ్చెను. భూపాలపల్లి జిల్లాలోని మన పేరింటి ఘనపూరున కోటగుళ్లను చూచినవారికి ఆ రాజు కాలము క్రొత్త కాదు. 1244 ప్రాంతమున ఆయన సముద్రవర్తకులకు అభయమిచ్చెను. గాలివానకు చెదరి ఒడ్డున పడిన యోడలలోని సర్వస్వమును పూర్వపు రాజులు బలిమితో లాగుకొనుచుండిరనియు, తాను మాత్రము నిర్ణీతమైన సుంకము తప్ప మఱేమియు గైకొననియు అందు చెప్పబడినది. ఎగుమతి దిగుమతుల మీద సుంకము ముప్పదింట ఒకటి అని గూడ ఆ శాసనముననే చెక్కించెను. అనంతరము ఆ రేవు ప్రాంతమునకు వచ్చిన మార్కోపోలో అచటి సన్నని వస్త్రములను సాలెపట్టుతో పోల్చెను. సుంకము ముందే తెలియుట, చెడిన ప్రయాణములో వర్తకుని సొమ్మునకు రక్ష యుండుట: ఈ రెండే కోరిక. నా మేనల్లుడు సభలో అడిగినది అంతకంటె ఎక్కువ కాదు.

ఇంకొక మాట. అంతర్జాలమున కొనువాడు బట్టను చేతితో తాకలేడు. వానికి కనబడునవి బొమ్మయు, నాలుగు పంక్తుల వ్రాతయు మాత్రమే. నా మేనల్లుని సరకు క్రింద "మంచి జంపఖానా" అని యుండెను. దాని ప్రక్కనే మరమగ్గపు సరకు "చేనేత" యను పేరుతో సగము ధరకు నిలిచియుండెను. సంస్కృతమున "సూత్ర" శబ్దమునకు దారమనియు, కొలది మాటలలో సందేహము లేకుండ చెప్పెడి వాక్యమనియు అర్థములు. మన తాతలు మొదటిదానిని వదలలేదు. ఇప్పుడు రెండవది గూడ కావలసివచ్చినది. పొడవెంత, వెడల్పెంత, బరువెంత, నూలేది, రంగేది, ఎచట ఎవరు నేసిరి, ఎట్లుతుకవలెను అని నేను కూర్చుండి వ్రాసితిని. వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినదనియు, నిర్ణీత లక్షణములు గల జంపఖానా 1985 నాటి చట్టముచే చేనేతకే కేటాయింపబడిన రకమనియు చేర్చితిని. నా చదువు మగ్గమునకు పనికివచ్చుట నా జీవితమున అదియే ప్రథమము.

కావున ఈ సభవారికి మూడు మనవులు. మొదటిది, జిల్లా జిల్లాకు ఒక సహాయకేంద్రము పెట్టి, ఒడంబడికను తెలుగున చదివి వినిపించి, పన్నుపత్రములు దాఖలు చేయించు చదువరులైన యువకులను నియమింపుడు. రెండవది, 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కును, భౌగోళిక గుర్తింపు క్రింద అధికృత వినియోగదారుగా నమోదును ప్రతి నేతకారునికి ఇప్పింపుడు. గుర్తింపు సంఘము గోడమీద వ్రేలాడిన లాభము లేదు. మూడవది, ఒక్కొక్కని ఫిర్యాదును సంఘము పేర పదిమంది ఫిర్యాదుగా వ్రాసి పంపుడు. ఆ సభలో ఒకడు లేచినపుడు సమాధానము ఒకరీతిగ నుండెను. ఆర్గురు లేచిన పిదప ఆ పెద్దమనిషి కలము తీసి వ్రాసికొనెను. నేనది కన్నులార చూచితిని.

నా మేనల్లుని సొమ్ము నేటికిని రాలేదు. ఐనను ఆతడు మగ్గము దిగలేదు. సరకు కట్టునపుడు వాని కూతురు ఫోను పట్టుకొని వీడియో తీయుచున్నది. ఆ దుప్పటిని పారవేయుమని నేనంటిని. "ఉండనిమ్ము మామా, మఱొక సభకు పనికివచ్చును" అని దాచెను.