తెట్టు కింద ఏముంది?

మత్స్యశాస్త్రంలో పట్టా పుచ్చుకుంటున్న మీకు ఉద్యోగ సలహాలు చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. నేను చేపగుడ్ల గురించి మాట్లాడతాను.

1989 మార్చి 24న అలాస్కాలోని ప్రిన్స్ విలియం సౌండ్‌లో ఎక్సాన్ వాల్డెజ్ అనే ట్యాంకరు రాళ్లకు గుద్దుకుంది. సుమారు 4 కోట్ల లీటర్ల ముడిచమురు సముద్రంపాలైంది. నల్లగా తడిసిన పక్షుల్ని, నీటికుక్కల్ని లోకమంతా చూసింది. ఈకలకీ బొచ్చుకీ చమురంటితే చలి లోపలికి దిగుతుంది. శుభ్రం చేసుకోబోయి అవి ఆ చమురునే మింగుతాయి. రెండున్నర లక్షల పక్షులు పోయాయని ఒక అంచనా.

కెమెరాకు చిక్కనిది తెట్టు కిందుంది. బెంజీన్ లాంటి తేలిక పదార్థాలు త్వరగానే ఆవిరైపోతాయి. ఘాటు పోయింది కాబట్టి ప్రమాదమూ పోయిందనుకోవడం సహజం. కానీ మిగిలిన పాత చమురులో మూడు, నాలుగు వలయాల హైడ్రోకార్బన్ల పాలు ఎక్కువ. పింక్ సాల్మన్ గుడ్లుపెట్టే గులకరాళ్ల సందుల్లోంచి అవి నెమ్మదిగా నీళ్లలోకి ఊరుతుంటాయి. నూరు కోట్ల వంతుల నీటిలో కొద్ది వంతులున్నా గుడ్డులోని పిండం దెబ్బతింటుందని ప్రయోగాల్లో తేలింది. దెబ్బ గుండె మీద. ఫినాంథ్రీన్ వంటివి గుండె కణాల్లో పొటాషియం, కాల్షియం రాకపోకల్ని చెడగొడతాయి. లయ తప్పి ఎదిగిన గుండెకు ఆకారమే మారిపోతుంది. పైకి నిక్షేపంలాంటి పిల్లే, ఈతలో మాత్రం తోటివాటిని అందుకోలేదు. అలాంటిదాన్ని పెద్ద చేపలు బతకనిస్తాయా? దాని శవం ఏ ఒడ్డుకూ కొట్టుకురాదు, ఏ లెక్కకూ ఎక్కదు.

కడిగేయాలన్న తొందరా తక్కువ చంపదు. 1967లో టోరీ కాన్యన్ ఓడ చమురు ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరానికి చేరితే, దాదాపు 10,000 టన్నుల డిటర్జెంటు కుమ్మరించారు. రాళ్లను అంటిపెట్టుకుని నాచు మేసే నత్తలు చమురుకన్నా దానికే ఎక్కువగా చచ్చాయి. ముట్టుకోకుండా వదిలేసిన రాళ్లు రెండు మూడేళ్లలో కోలుకుంటే, కడిగినవాటికి పదేళ్లు పైనే పట్టింది. ఊరికే ఉండమని మంత్రిగారికి చెప్పగల శాస్త్రవేత్త ఏ దేశంలోనైనా అరుదేననుకోండి.

మళ్లీ అలాస్కాకు వద్దాం. మన కవళ్లకు చుట్టమైన హెర్రింగ్ చేప అక్కడ 1993లో కుప్పకూలింది. చమురా, రోగమా, తిండి కరువా అన్న వాదన ఇంకా తెగలేదు. ప్రమాదానికి ముందు ఆ నీళ్లలో ఏమేం ఎంతెంత ఉండేవో చాలినంతగా కొలిచి ఉంచకపోవడం అందుకో కారణం.

విశాఖలో రిఫైనరీ ఉంది. కాకినాడ ఎదుట సముద్రంలో బావులున్నాయి, పక్కనే కోరింగ మడ అడవులు. 2017 జనవరిలో చెన్నై పక్కనున్న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నాక, మనుషులు బకెట్లతో చమురు తోడిపోయడం మీరు చూసే ఉంటారు. అలాంటి రోజొస్తే బకెట్లు పట్టేవాళ్లు దొరుకుతారు. మీరు మాత్రం ఇప్పుడే, నీళ్లు తేటగా ఉండగానే, ఆ మడల వేళ్ల మధ్య ఏ నెలలో ఏ చేప పిల్లలు ఎన్ని తిరుగుతాయో లెక్కపెట్టి రాసిపెట్టండి. మరుసటి ఏడూ అదే చోట లెక్కపెట్టండి. దీనికి పత్రికల్లో ఫొటో పడదు, జీతమూ అంతంతమాత్రమే. కానీ వేట పోయిన మత్స్యకారులు పరిహారం కోసం కోర్టుకెక్కినప్పుడు, అవతలి వకీలు అడిగే మొదటి మాట “అంతకుముందు ఎన్ని చేపలుండేవి?” అని. మీ కాగితాలు ఆ రోజు అక్కడ ఉండాలి.