జబ్బు ఒకరిది, ఖర్చు అందరిది



ఇంటి ఆడమనిషికి జబ్బు చేస్తే ఏమంటుంది? "తర్వాత చూద్దాంలే" అంటుంది. డబ్బు భయం అలాంటిది.

బ్రిటన్ దేశంలోనూ ఒకప్పుడు ఇదే కథ. 1911లో అక్కడ బీమా చట్టం వచ్చింది. జీతంలోంచి కొంత కట్టే కార్మికుడిని డాక్టరు చూసేవాడు. అతని భార్యను, పిల్లలను చూడడు. ఇల్లాళ్లు ఏళ్ల తరబడి నొప్పులు ఓర్చుకున్నారు.

ట్రెడెగర్ అనే ఊళ్లో బొగ్గుగని కార్మికులు ఒక ఉపాయం చేశారు. తలా కొంచెం సంఘానికి కట్టారు. ఆ డబ్బుతో డాక్టర్లను పెట్టుకున్నారు. ఇంటిల్లిపాదికీ వైద్యం దొరికింది.

ఆ ఊరి గని కార్మికుడే అన్యూరిన్ బెవాన్. తర్వాత ఆరోగ్య మంత్రి అయ్యాడు. 1948 జూలై 5 నుంచి దేశమంతా ఉచిత వైద్యం పెట్టాడు. ఖర్చు ఎక్కువగా పన్నుల డబ్బులోంచే. దాచుకున్న జబ్బులతో ఆడవాళ్లు డాక్టర్ల దగ్గర బారులు తీరారు.

జర్మనీలో పద్ధతి వేరు. 1883 నాటి చట్టంతో మొదలై కార్మికుడు కొంత, యజమాని కొంత బీమాకు కడుతున్నారు. థాయ్‌లాండ్‌లో 2002లో దేశమంతా కొత్త పథకం వచ్చింది. అప్పట్లో ఆసుపత్రికి వెళ్తే 30 బాత్‌లు కట్టేవారు. మిగతాది సర్కారు భరించింది.

దారులు వేరైనా కిటుకు ఒక్కటే. అందరూ ముందే తలా కొంత వేస్తారు. జబ్బు చేసినవారు ఒంటరిగా మునిగిపోరు.

మీ ఊరి ఆసుపత్రిలో ఏ వైద్యం ఉచితమో రేపే అడగండి. నొప్పి దాచుకోకండి!