ఇంటికి గాజు తీగ వచ్చిన రోజున
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను సవరణ గురించి, వైద్య ఖర్చుల గురించి పెద్దలు మాట్లాడిన తరువాత, ఇంటికి వచ్చే ఫైబర్ ఇంటర్నెట్టు గురించి, దాని మీద నడిచే టీవీ గురించి చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. సర్వీసంతా టెలిఫోన్ల శాఖలో తీగలతో గడిపినవాణ్ణి గనుక ఈ బాధ్యత నాకు అప్పగించారనుకుంటాను. సాధ్యమైనంత వరకు పామర భాషలోనే మనవి చేస్తాను.

ముందుగా నేను చెప్పదలచిన ముఖ్య విషయం చెప్పేస్తాను. డబ్బాలో పచ్చ దీపాలు వెలిగినంత మాత్రాన మన ఇంటికి కనెక్షను వచ్చినట్లు కాదు. పండుగకు వచ్చిన పిల్లలు తిరిగి వెళ్లిపోయాక, ఇంట్లో ఆలుమగలిద్దరమే, ఒక్కొక్కప్పుడు ఒక్కరమే ఉన్నప్పుడు, ఎవరి సాయమూ లేకుండా అది నడిస్తేనే వచ్చినట్లు. అందుకు కావలసిన పనులన్నీ బిగించిన రోజునే, ఆ కుర్రవాడు నిచ్చెన దించి వెళ్లిపోకముందే జరిగిపోవాలి.

మన కాలంలో టెలిఫోను కోసం దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉండేవాళ్లం. ఓ.వై.టి. కింద డిపాజిట్టు కట్టినా ఎదురుచూపులు తప్పేవి కావు. ఇవాళ ఉదయం ఫోను చేస్తే రేపటికి మనిషి వస్తున్నాడు. అప్పుడు ఇంటికి వచ్చింది రాగి తీగ. ఇప్పుడు వస్తున్నది గాజు తీగ, వెంట్రుకంత సన్నం. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ 1954 లో, సన్నని గాజు పోగుల కట్ట గుండా బొమ్మను పంపిన పరిశోధనను హాప్‌కిన్స్‌తో కలిసి ప్రచురించారు. గాజును తగినంత శుద్ధి చేస్తే వెలుగు ద్వారా దూరాలకు సమాచారం పంపవచ్చునని 1966 లో చార్లెస్ కావ్ ఇంగ్లండులో నిరూపించారు. దానికి ఆయనకు 2009 లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిన ఫైబర్‌నెట్ పథకంలో ఫోను, ఇంటర్నెట్టు, టీవీ మూడూ ఒకే తీగ మీద ఇచ్చారు. అప్పటి ప్రారంభ ధర నెలకు 149 రూపాయలు. ఇప్పుడు రెండు రాష్ట్రాలలోనూ అనేక కంపెనీలు ఈ సేవ ఇస్తున్నాయి. ఏ కంపెనీ మంచిదని నన్ను అడగకండి. మీ వీధిలో ఎవరి మరమ్మతు మనిషి పిలిస్తే వస్తాడో, మీకు అదే మంచి కంపెనీ. పక్కింటివారిని, ఎదురింటివారిని అడిగితే ప్రకటనలలో లేని సంగతి తెలుస్తుంది.

ఇక వేగం సంగతి. 2004 లో మన ప్రభుత్వం సెకనుకు 256 కిలోబిట్లు వస్తే బ్రాడ్‌బ్యాండ్ అన్నది. 2023 లో ఆ కనీస పరిమితిని 2 మెగాబిట్లకు పెంచింది. నాణ్యమైన హెచ్.డి. సినిమాకు సుమారు 5 మెగాబిట్లు చాలు. వీడియోలో మనవరాలితో మాట్లాడడానికి అంతకంటె తక్కువే పడుతుంది. కాబట్టి ఇద్దరు వృద్ధులున్న ఇంటికి 30, 50 మెగాబిట్ల పథకం ధారాళంగా సరిపోతుంది. 300 తీసుకోమని ఎవరైనా ఒత్తిడి చేస్తే వినయంగా వద్దనండి. ధర అడిగేటప్పుడు 18 శాతం జి.ఎస్.టి. కలిపి చెప్పమనండి. 399 అని కాగితం మీద ఉంటే కట్టవలసింది 470 రూపాయల 82 పైసలు. మోడెం డబ్బా మనదా, వారిదా, డిపాజిట్టు ఎంత, తిరిగి ఇస్తారా, పాత ల్యాండ్‌లైన్ నంబరు కొనసాగుతుందా అన్నవి నోటిమాటగా కాక కాగితం మీద తీసుకోండి.

బిగించే రోజు సంగతికి వద్దాం. స్తంభం మీదనుంచి తీగ ఏ దారిన వస్తుందో మీరే నిలబడి చూపించండి. గాజు తీగ రాగి తీగ వంటిది కాదు. మేకుకు చుట్టినా, తలుపు సందున నలిపినా, మూలలో మడత పెట్టినా లోపలి వెలుగు బయటకు కారిపోతుంది. మలుపు దగ్గర టీ గ్లాసు చుట్టుకొలత అంత వంపు ఉండాలి. గోడకు రంధ్రం బయటివైపుకు కొంచెం వాలుగా వేయిస్తే వాననీరు లోపలికి రాదు. రెండు మూడు మీటర్ల తీగ చుట్టగా మిగిల్చి ఉంచమనండి. రేపు కోతి లాగినా, లారీ తగిలినా అది అక్కరకు వస్తుంది. మరొక హెచ్చరిక. తీగ కొసను కంటికి దగ్గరగా పెట్టి చూడకండి. అందులో వచ్చే లేజరు వెలుగు కంటికి కనిపించదు, కాని హాని చేయవచ్చు. మనవళ్లకూ ఈ మాట చెప్పండి.

ఆ కుర్రవాడి చేతిలో పవర్ మీటరు ఉంటుంది. తీగలో వెలుగు ఎంత వస్తున్నదో అది అంకెలో చెబుతుంది. మైనస్ 15 నుంచి మైనస్ 25 లోపు ఉంటే నిశ్చింత. మైనస్ 27 కు చేరితే ఇవాళ నడిచినా రేపు మొరాయిస్తుంది. ఆ అంకె చూపించమని అడిగి, తేదీ వేసి రాసుకోండి. అడిగినవారి ఇంట్లో పని కొంచెం శ్రద్ధగానే జరుగుతుంది.

మోడెం ఎక్కడ పెట్టాలి? చాలామంది వీధి గుమ్మం పక్కనే పెట్టించుకుంటారు, తీగ అక్కడే లోపలికి వస్తుంది గనుక. కాని మనం ఎక్కువసేపు గడిపేది పడకగదిలోనో, వెనుక వరండాలోనో. వైఫై అనేది మాట వంటిది. గోడలు అడ్డం వస్తే సన్నగిల్లుతుంది. ఇంటి మధ్యలో, మనిషి ఎత్తున, ఇనుప బీరువాకు దూరంగా పెట్టించండి. ఫోనులో వైఫై పేర్లు రెండు కనిపించవచ్చు. 5జి అని తోక ఉన్నది దగ్గరలో వేగంగా పనిచేస్తుంది, తోక లేనిది గోడ దాటి కొంచెం దూరం పోతుంది. ఆ 5జి కి సెల్‌ఫోను కంపెనీలు చెప్పే 5జి కి సంబంధం లేదు.

ఇప్పుడు టీవీ. 1975 లో ఉపగ్రహ ప్రయోగం కింద మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల గ్రామాలలో టీవీ పెడితే, ఊరంతా ఒక్క పెట్టె ముందు కూర్చున్నది. ఇవాళ అదే టీవీ ఇంటర్నెట్టు తీగ మీద వస్తున్నది. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి, కంపెనీ ఇచ్చే సెట్‌టాప్ బాక్సు ద్వారా మామూలు చానళ్లు వరుసగా రావడం. రెండవది, స్మార్ట్ టీవీలో సినిమాలు, ధారావాహికలు మనం కోరుకున్నప్పుడు చూడడం. మొదటిదానికి చానళ్ల చందా వేరుగా ఉండవచ్చు. మీరు రోజూ చూసే పది చానళ్ల పేర్లు కాగితం మీద రాసి, అవన్నీ పథకంలో ఉన్నాయో లేదో చూసుకున్న తరువాతే పాత కేబులు తీయించండి. పురాణ ప్రవచనాల చానలు రాకపోతే ఇంట్లో శాంతి ఉండదని వేరుగా చెప్పనక్కరలేదు.

సాధ్యమైతే మోడెంనుంచి టీవీ బాక్సుకు తీగ వేయించండి. వైఫై మీద బొమ్మ ఆగి ఆగి వచ్చే ఇళ్లలో చాలావరకు ఆ తీగతోనే బాధ తీరుతుంది. పాత పిక్చర్ ట్యూబు టీవీ ఉన్నవారు, పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల తీగ పెట్టే చోటు ఆ బాక్సుకు ఉందా అని ముందే అడగాలి. ఇక మన ఇళ్లలో అతి సామాన్యమైన జబ్బు ఒకటుంది. తెర మీద నో సిగ్నల్ అని వస్తుంది, టీవీ పాడైందని మెకానిక్కును పిలుస్తాం. చాలాసార్లు జరిగేది ఏమిటంటే, టీవీ రిమోటులో సోర్స్ మీట పొరపాటున నొక్కుకుపోవడం. మళ్లీ అదే మీట నొక్కి, బాక్సు తగిలించిన హెచ్.డి.ఎం.ఐ. నంబరు ఎంచుకుంటే సరి. టీవీ రిమోటుకు ఒక రంగు కాగితం, బాక్సు రిమోటుకు మరొక రంగు కాగితం అంటించండి. ఆ కుర్రవాడు ఉండగానే ఇంటి ఆవిడగారి చేత, అయ్యగారి చేత విడివిడిగా రెండుసార్లు ఆపించి, రెండుసార్లు పెట్టించండి. మగవారొక్కరే నేర్చుకోవడం చాలదు.

సోదరులారా, తరువాతి మాట కొంచెం గట్టిగా చెబుతాను. కనెక్షను మన పేరున, మన సెల్ నంబరు మీద ఉండాలి. మన సహోద్యోగి ఒకరు కాలం చేశాక ఆయన భార్యకు తోడుగా ఉంటుందని కొడుకు ఫైబర్ పెట్టించాడు. ప్రేమతోనే తన నంబరు ఇచ్చాడు. అతనుండేది అమెరికాలో. ఒక వానాకాలం కనెక్షను పోయింది. ఫిర్యాదు చేయబోతే ఓ.టి.పి. అతని ఫోనుకు వెళ్లింది, అప్పుడక్కడ అర్ధరాత్రి. తెల్లవారి అతను చెప్పేసరికి ఇక్కడ కార్యాలయం మూసేశారు. ఇలా నాలుగు రోజులు గడిచాయి. ఆ నాలుగు రోజులూ ఆ తల్లికి కొడుకు ముఖం కనబడలేదు. డబ్బు పిల్లలు కట్టవచ్చు, తప్పులేదు. పేరు, నంబరు, రహస్య సంకేతపదం మాత్రం ఇంట్లో ఉన్న మనిషివి కావాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది కరెంటు. పాత రాగి తీగ ఫోనుకు ఎక్స్‌చేంజి బ్యాటరీలనుంచే 48 వోల్టులు వచ్చేవి. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. గాజు తీగలో వెలుగు వస్తుందే గాని విద్యుత్తు రాదు. ఇంట్లో కరెంటు పోతే మోడెం ఆగిపోతుంది, దానితోపాటు ఫోనూ మూగపోతుంది. రాత్రివేళ గుండెనొప్పి వచ్చి 108 కు చేయబోతే అప్పుడు తెలిసిరాకూడదు ఈ సంగతి. ఇన్వర్టరు ఉన్నవారు మోడెం ప్లగ్గును ఆ లైనులో పెట్టించండి. లేనివారు మోడెం కోసమే దొరికే చిన్న యు.పి.ఎస్. కొనుక్కోవచ్చు. మోడెం అడాప్టరు మీద ఉన్న వోల్టు, ఆంపియరు అంకెలు చూపించి దానికి తగినదే అడగండి. ఇవి ఉన్నా సరే, తుపాను రోజులలో తీగే తెగవచ్చు గనుక, ఛార్జింగు నిండా ఉన్న సెల్‌ఫోను తలగడ దగ్గర ఉండాలి. 108, 112 నంబర్లు పెద్ద అక్షరాలతో గోడకు అంటించండి.

నడుస్తున్నది ఆగిపోతే ముందు దీపాలు చూడండి. ఏ దీపమూ లేకపోతే కరెంటు లోపం. ఎల్.ఓ.ఎస్. అన్న చోట ఎర్ర దీపం మిణుకుతుంటే వెలుగు రావడం లేదు, తీగ ఎక్కడో తెగింది లేదా నలిగింది. మనం చేయగలిగింది లేదు, ఫిర్యాదు చేయాలి. అన్నీ మామూలుగా ఉండి ఇంటర్నెట్టు రాకపోతే మోడెం ఆపి, ఒక నిమిషం ఆగి, మళ్లీ వేసి అయిదు నిమిషాలు ఓపిక పట్టండి. ముందుగా బిల్లు గడువు కూడా చూసుకోండి. వెనుకనున్న ఆకుపచ్చ కొస గల తీగను మాత్రం ఊడదీయకండి. దుమ్ము పడితే అదొక కొత్త రోగం. ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ నంబరు తప్పక తీసుకోండి. కంపెనీలో పని కాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రుసుము లేకుండా రాసుకునే హక్కు ట్రాయ్ 2012 నిబంధనలు మనకిచ్చాయి. దరఖాస్తులు, రిమైండర్లు రాయడంలో మనకంటె ఆరితేరినవారెవరు?

తీగతోపాటు దొంగలూ వస్తారు. మీ కె.వై.సి. గడువు ముగిసింది, కనెక్షను కోసేస్తాం, ఈ యాప్ వేసుకోండి, ఈ ఓ.టి.పి. చెప్పండి అని ఫోను వస్తే పెట్టేయండి. కంపెనీ నంబరు పాత బిల్లు మీద ఉంటుంది, మనమే చేసి కనుక్కుందాం. ఎవరైనా మోసపోతే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930 కు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇంత శ్రమ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. 2014 లో జీవన్ ప్రమాణ్ వచ్చింది. 2021 నుంచి ముఖం చూపి కూడా లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వవచ్చు. కేంద్ర పెన్షనర్లకు నవంబరు నెల, 80 దాటినవారికి అక్టోబరు నుంచే అవకాశం ఉన్నది. మోకాళ్లు సహకరించని మన సభ్యులు బ్యాంకు మెట్లెక్కి, బతికే ఉన్నామని నిరూపించుకోవలసిన అవస్థ ఇంటి తీగతో తప్పుతుంది. డాక్టరు సలహా, బిల్లులు, దూరాన ఉన్న పిల్లల ముఖాలు, ఇవన్నీ దాని మీదే వస్తాయి. అయితే అవి మన చేతి మీదుగా రావాలి. ప్రతిదానికీ పక్కింటి అబ్బాయి కోసం గుమ్మం వంక చూస్తూ కూర్చోవలసి వస్తే, మనకొచ్చింది సౌకర్యం కాదు, మరొక ఆధారపడడం.

కడపటగా ఒక సూచన. ప్రతి వీధిలోను ఈ సంగతులు తెలిసిన సభ్యులు ఒకరిద్దరున్నారు. కొత్తగా కనెక్షను పెట్టించుకునే సభ్యుల ఇంటికి, ముఖ్యంగా ఒంటరిగా ఉన్న కుటుంబ పెన్షనరు సోదరీమణుల ఇళ్లకు, బిగించే రోజున మనలో ఒకరు వెళ్లి ఒక గంట కూర్చుందాం. కనెక్షను నంబరు, సంకేతపదం, ఫిర్యాదు నంబరు, పవర్ మీటరు అంకె, బిల్లు తేదీ, ఈ అయిదూ ఒక నోటుబుక్కు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసి, టీవీ పక్కన పెట్టి వద్దాం. పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిశాక కార్యదర్శిగారికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. మొదటి పేరు నాదే రాసుకోమని వారికి మనవి చేస్తున్నాను.