పీడితుల పక్షాన ఒప్పందం



యమన్ వర్తకునికి మక్కాలో అన్యాయం జరిగినప్పుడు, పలు తెగల పెద్దలు ఒక ఇంట సమావేశమై, పీడితుడెవరైనా అతని పక్షాన నిలుస్తామని ప్రమాణం చేశారు. అదే హిల్ఫుల్ ఫుదూల్. అందులో పాల్గొన్న దైవప్రవక్త (స), ఇస్లాం వచ్చాక కూడా అటువంటి పిలుపునకు స్పందిస్తానన్నారు. స్వేచ్ఛాపరుణ్ణి అమ్మి ఆ సొమ్ము తిన్నవానికి ప్రళయదినాన అల్లాహ్‌యే ప్రత్యర్థి అవుతాడనీ హెచ్చరించారు.

గల్ఫ్‌లో ఇంటిపని అంటూ విజిట్ వీసా చేతికిచ్చే దళారి మన ఉయ్యూరు గడపకూ రావచ్చు. 1983 నాటి వలసల చట్టం ప్రకారం కేంద్రం వద్ద నమోదైన ఏజెంటుకే ఆ అధికారం, ధ్రువపత్రం అడగండి. అనుమానముంటే 112కు, పిల్లల విషయమైతే 1098కి తెలపండి. మస్జిద్ కమిటీ, అంగన్‌వాడీ, పోలీసులు, పొరుగున ఉన్న హిందూ క్రైస్తవ సోదరులు ఏకమైతేనే ఆ ప్రమాణం నేడు నిలుస్తుంది.

మోసపోయి తిరిగివచ్చిన చెల్లెలిని నిందించకండి, ఆమె పీడితురాలు. ఆమె పక్షాన నిలిచే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.