ఓటు అను మాట పుట్టుక



నేఁడు 'ఓటు' అను మాటను గూర్చి విచారింతము. ఓటికుండ, ఓటిపడవ యనునప్పుడు మన తెనుఁగున నొక ఓటు కలదు; దానికి బీఁట యని యర్థము. ఎన్నికల ఓటు దానికి చుట్టము కాదు. ఇది మనకు ఇంగ్లీషునుండి వచ్చినది. ఇంగ్లీషునకు లాటినునుండి వచ్చినది.

లాటిను ప్రాచీన రోమకుల భాష. అందు 'వోటుం' అనఁగా మొక్కు. ప్రయాణము క్షేమముగా ముగిసిన, రోగము కుదిరిన, ఇట్టి కానుక నర్పింతునని వారు దేవునికి మొక్కుకొనెడివారు. కోరిక యీడేరఁగానే మొక్కు తీర్చి, 'సంతోషముతో, తగినరీతిని మొక్కు చెల్లించినాఁడు' అని రాతిపై నాలుగక్షరముల సంకేతముగాఁ జెక్కించెడివారు. అట్టి రాళ్లు ఐరోపాలో నేఁటికిని గలవు. ఆలంపురమున జోగులాంబకు మొక్కుకొను మనకీ యాచారము క్రొత్త గాదు.

ఈ మాట ఇంగ్లీషునకు రెండు త్రోవల వచ్చినది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయింపఁగా, పాలకుల భాషయైన ఫ్రెంచి కచేరీల కెక్కినది. నైజాము కాలమున తహశీలు, జమాబంది మొదలగు మాటలు మన పల్లెలకు వచ్చినట్లే, ఫ్రెంచిమాటలు అక్కడి జనుల నోళ్లఁ బడినవి. ఆ త్రోవలో 'వోటుం' అరిగి 'వౌ' అయినది; దాని కిప్పటికిని ప్రమాణము, మొక్కు అనియే యర్థము. పిదప 15వ శతాబ్దమున లాటినునుండియే తిన్నగా 'వోటు' వచ్చినది. మొక్కులో కోరిక యున్నది గావున, అది కోరికను తెలుపుట యని మాఱి, తుదకు సభలో తన యభిప్రాయము నిచ్చుట యైనది.

1952లో హైదరాబాదు రాష్ట్రమున 21 ఏండ్లు నిండిన స్త్రీపురుషులకు, చదువు, భూమి యను భేదము లేక, ఓటుహక్కు కలిగినది. 1989 నుండి 18 ఏండ్లకే కలుగుచున్నది.

మొక్కునకు మర్యాద యొకటి కలదు. అడిగినవాఁడు ఋణపడును; వరము పొంది మొక్కు ఎగవేసినవానిని లోకము మెచ్చదు. ఎన్నికలలో అడుగువారు అభ్యర్థులు, ఇచ్చువారు మనము. కాలువ త్రవ్వింతును, బాట వేయింతును అని చెప్పి గెలిచినవాఁడు మనకు మొక్కు బాకీపడినవాఁడే. ఆ బాకీ నడుగుటకు మనకు హక్కు కలదు. అయితే ముందుగనే రూపాయలు పుచ్చుకొన్నవానికి ఆ బాకీ యప్పుడే తీరిపోయినది. ఇఁక నతనికి అడుగుటకు నోరెక్కడిది? అమ్ముకొన్న ఓటు మన తెనుఁగు ఓటియే. అందు నీరు నిలువదు.

పెద్దలైన మీరీ సంగతి ఇంటి పిల్లలకు బోధింతురు గాక.