ఎండిన కొమ్మ, బ్రతికి ఉన్న వేరు

సకల స్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా!

దివ్యఖుర్ఆన్‌లోని 95వ సూరా పేరు 'అత్తీన్'. తీన్ అంటే అంజూరం. అంజూరం మీద, జైతూన్ మీద ప్రమాణం చేసి, అల్లాహ్ ఆ సూరాలో మానవుని గురించి తెలియజేశాడు: అతడు అత్యుత్తమ రీతిలో సృజించబడ్డాడు, అట్టడుగుకు దిగజారాడు, విశ్వసించి సత్కార్యాలు చేసేవారు మాత్రం అందుకు మినహాయింపు. ఆ చెట్టును గమనిస్తే ఈ విషయం మరింతగా మనసుకు హత్తుకుంటుంది.

అంజూరం వెచ్చని నేలల చెట్టు. దక్షిణ ఇటలీ నుండి న్యూయార్కుకు వలస వెళ్ళినవారు దానిని అక్కడి పెరళ్ళలో నాటుకున్నారు. అక్కడి శీతాకాలం కఠినమైనది. చలి సున్నాకు పది డిగ్రీల దిగువకు చేరితే కొమ్మలు చచ్చిపోవచ్చు. అందువల్ల ఆకులు రాలిన పిదప వారు కొమ్మలను కట్టి, ఒక ప్రక్క వేళ్ళను కోసి, చెట్టును మెల్లగా గుంటలోకి వంచి, పలకలు, ఎండుటాకులు, మట్టి కప్పేవారు. వసంతంలో తొందరపడి తీస్తే, ఆలస్యంగా కురిసే మంచు చిగుళ్ళను మాడ్చివేస్తుంది. మరీ జాగుచేస్తే లోపలి తేమకు బూజు పడుతుంది.

ఇంత చేసినా కొన్ని ఏండ్లు పైకొమ్మలన్నీ ఎండిపోతాయి. అనుభవం లేనివాడు వెంటనే రంపం పట్టుకుంటాడు. అనుభవజ్ఞుడు గోటితో బెరడు గీకి చూస్తాడు. లోపల పచ్చదనం ఉంటే ప్రాణం ఉన్నట్లే. అది కానరాకపోయినా వేసవి వరకు వేచి ఉంటాడు. మట్టిలోని వేరు బ్రతికి ఉంటే మొదలు నుండి కొత్త కొమ్మలు వస్తాయి. వెచ్చని రోజులు చాలినన్ని దొరికితే ఆ కొమ్మలే ఆ ఏడాది పండ్లనిస్తాయి.

సోదరులారా! మన ఇండ్లలోనూ ఇటువంటి చెట్లున్నాయి. నమాజు విడిచిన కుమారుడు, వ్యసనంలో చిక్కిన తమ్ముడు, మాటలు మానేసిన అల్లుడు. "వాడు మాకు చచ్చినట్లే" అని మనం ఎంత సులభంగా అనేస్తాము! వేరును చూడగలిగేవాడు అల్లాహ్ ఒక్కడే. మనకు కనిపించేది కొమ్మ మాత్రమే.

తాయిఫ్ ప్రజలు దైవప్రవక్తను (సల్లల్లాహు అలైహి వసల్లం) రాళ్ళతో కొట్టి రక్తసిక్తం చేశారు. పర్వతాల దూత వచ్చి వారిని నలిపివేయడానికి అనుమతి కోరగా ఆయన అంగీకరించలేదు. వారి సంతతిలోనైనా అల్లాహ్‌ను మాత్రమే ఆరాధించేవారు పుడతారని ఆశించారు. దాదాపు పదేండ్ల తర్వాత, హిజ్రీ 9లో, ఆ తాయిఫ్ వాసులే ఇస్లాం స్వీకరించారు.

అయితే ఊరక వేచి ఉండటం సహనం కాదు. ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌ను నమ్ముకోమని బోధించిన ప్రవక్త అనుచరులం మనం. చలిలో చెట్టును కప్పినట్లు బంధువు లోపాన్ని నలుగురిలో కప్పాలి. ఏకాంతంలో మృదువుగా హితవు చెప్పాలి. తహజ్జుద్‌లో అతని పేరు పలికి దుఆ చేయాలి. ఈ జుమా నుండి ఇంటికి వెళ్ళేలోగా, మీరు తెంచుకున్న ఒక్క బంధువును పలకరించండి.

ఓ అల్లాహ్! మా ఎండిన హృదయాలను చిగురింపజేయి. మా నుండి దూరమైనవారిని నీ మార్గానికీ, మా ఇండ్లకూ తిరిగి చేర్చు. ఆమీన్.