మాత్ర మాన్పించిన ఇల్లు

నేను లెక్కలు చెప్పే ఉర్దూ బడి పంతుల్ని, డాక్టర్ని కాను. మా చెల్లెలికి 28 ఏళ్ళకే బీపీ. నెల తప్పగానే, బిడ్డకు వేడి చేస్తుందని అమ్మీ మాత్రలు మాన్పించింది. చదువుకున్నవాణ్ణి, నేనూ ఊరుకున్నాను. ఏడో నెలలో తలనొప్పి, కళ్ళు మసకలు. ఆసుపత్రిలో చూస్తే 170/110. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు.

ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మాత్రలు కడుపులో బిడ్డ మూత్రపిండాలకు చేటేనట. అయితే మనంతట మనం మానెయ్యకూడదు. బిడ్డ కావాలనుకున్నప్పుడే వెళ్తే లాబెటలాల్, నిఫెడిపిన్ లాంటివాటికి మారుస్తారు, ఫోలిక్ ఆసిడ్ ముందే మొదలెడతారు.

రెండోసారి అలాగే ముందుగా వెళ్ళాం. మూడో నెల నిండాక చిన్న మోతాదు ఆస్పిరిన్ కూడా ఇచ్చారు. ఊరగాయ జాడీ అటకెక్కింది. మా బావకు అదే పెద్ద కష్టం! వారం వారం బీపీ చూయించి చీటీలో రాయించే పని అమ్మీయే పెట్టుకుంది. ఆ పాప ఇప్పుడు రెండో తరగతి, నా దగ్గరే ఎక్కాలు నేర్చుకుంటోంది.